నడినెత్తిన పలచబడి, గదుమ కింద మొలుస్తుంటే: ఆడవాళ్లు హార్మోన్ మందులు వాడే తీరు

పాపిట ఏడాదికేడాది వెడల్పవుతోంది, జడ చేతికి సన్నగా తగులుతోంది. అదే మనిషికి పైపెదవి మీద, గదుమ కింద, దవడ అంచున నల్లటి మొరటు వెంట్రుకలు వస్తున్నాయి. నెత్తికి ఒక డాక్టరు, మొహానికి బ్యూటీ పార్లరు అని వేర్వేరుగా తిరుగుతారు గానీ, రెండూ కలిసి వచ్చినప్పుడు మూలం చాలాసార్లు ఒక్కటే: ఆండ్రోజెన్ హార్మోన్లు.

ఇవి మగవాళ్లవే అనుకుంటాం. ఆడవాళ్లలోనూ అండాశయాలు, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు వీటిని తయారుచేస్తాయి, కాకపోతే తక్కువ మోతాదులో. రక్తంలో తిరిగే టెస్టోస్టెరోన్ అనే ఆండ్రోజెన్ వెంట్రుక కుదురు దగ్గరికి చేరాక 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము దాన్ని డీహెచ్‌టీగా మారుస్తుంది. ఈ డీహెచ్‌టీ మొహం మీద, బొడ్డు కింద ఉండే నూగును మొరటు వెంట్రుకగా చేస్తుంది. నడినెత్తిన దానికి ఎదురు పని చేస్తుంది. అక్కడ దిట్టంగా ఉన్న వెంట్రుక ఊడి మళ్లీ మొలిచిన ప్రతిసారీ ఇంకాస్త సన్నబడి, చివరికి నూగు మిగులుతుంది. నుదుటి అంచు వెంట్రుకలు మాత్రం ఆడవాళ్లకు మామూలుగా నిలబడే ఉంటాయి.

మందు కొనేముందే రెండు సంగతులు తెలిసి ఉండాలి. మొహం మీద ఒకసారి మొరటుగా మారిన వెంట్రుక గోలీలతో రాలిపోదు. గోలీ కొత్తవి రాకుండా చూస్తుంది, ఉన్నవాటిని సన్నబరుస్తుంది, పెరిగే వేగం తగ్గిస్తుంది. ఉన్నవి తీసేయడం వేరే పని, అది మందుతోపాటే సాగాలి. రెండోది, కాలం. మొహం మీద తేడా తెలియడానికి కనీసం 6 నెలలు, నెత్తి మీద 6 నుంచి 12 నెలలు పడుతుంది. రెండు నెలలు వాడి "పని చేస్తలేదు" అని వదిలేసినవాళ్లే మళ్లీ మళ్లీ కొత్త మందుకు డబ్బు పెడుతుంటారు.

ముందు ఇది హార్మోన్‌దేనా?

డెంగీ, టైఫాయిడ్, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా తిండి మానేయడం: వీటి తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా, నెత్తంతా సమానంగా రాలుతుంది. దువ్వెన నిండా వస్తుంది కానీ పాపిట ప్రత్యేకంగా వెడల్పవదు. దీనికి హార్మోన్ మందులు అక్కర్లేదు, కారణం పోయాక చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. హార్మోన్ వల్ల పలచబడేది ఇలా గుప్పెళ్లుగా రాలదు. నెమ్మదిగా, పాపిట చుట్టూనే జరుగుతుంది.

మన దగ్గర బోరు నీళ్ల మీద నింద వేయడం ఎక్కువ. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను, పళ్లను పాడుచేసిన మాట నిజమే. ఉప్పు నీళ్లకు వెంట్రుక గరుకెక్కి మధ్యలో తెగడమూ ఉంది. కానీ పాపిట ఒక్కచోటే పలచబడి, గదుమ కింద మొలవడం నీళ్ల పని కాదు. ఫిల్టర్ నీళ్లతో తలస్నానం చేసినా ఆగదు.

మొహం మీద వెంట్రుకలకు ఇంకో కారణం చాలామంది ఇంట్లోనే ఉంటుంది: తెల్లబడటానికి షాపులో చీటీ లేకుండా కొనుక్కునే క్రీము. బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ అని ట్యూబు మీద రాసుంటే అది స్టెరాయిడ్. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రనాళాలు తేలి, బుగ్గల మీద నూగు దట్టమవుతుంది. అలాగే ఒంటినొప్పులకు, ఆయాసానికి రోజూ మింగే స్టెరాయిడ్ గోలీలు, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్, ఫెనిటాయిన్ కూడా వెంట్రుకల మీద ప్రభావం చూపిస్తాయి. ఇవి వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి. అలాగని ఫిట్స్ మందునూ, చాలాకాలంగా మింగుతున్న స్టెరాయిడ్ గోలీనీ సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి నేరుగా పెద్ద దవాఖానకు వెళ్లాలి. మూడు నాలుగు నెలల్లోనే ఒక్కసారిగా గడ్డం రావడం, గొంతు మొరటుగా మారడం, కండలు తేలడం, యోని పైభాగంలోని క్లిటోరిస్ పెద్దదవడం, డేట్ ఆగిన ఆడవాళ్లకు కొత్తగా ఇవన్నీ మొదలవడం. అండాశయంలోనో అడ్రినల్‌లోనో గడ్డ ఉన్నప్పుడు ఇలా జరగొచ్చు. మొహం గుండ్రమై, పొట్ట మీద ఊదారంగు చారలు వెడల్పుగా వచ్చి, బీపీ, షుగర్ కొత్తగా పట్టుకుంటే కార్టిజోల్ హార్మోన్‌ను చూడాలి.

ఇవేవీ లేకుండా నెలసరి తప్పుతూ, మొటిమలు, మెడ వెనక నల్లటి మందమైన చర్మం ఉంటే ఎక్కువగా తేలేది పీసీఓఎస్, అంటే అండాశయాల పని, హార్మోన్లు గాడి తప్పే సమస్య. నెలసరి సరిగ్గా ఉండి, హార్మోన్ రిపోర్టులన్నీ మామూలుగా ఉన్నా పాపిట పలచబడేవాళ్లు కూడా చాలామందే. వాళ్ల కుదుళ్లు మామూలు మోతాదు హార్మోన్‌కే ఎక్కువ స్పందిస్తాయి. అందుకే రిపోర్టు నార్మల్ వచ్చిందంటే మందు పనిచేయదని కాదు.

పరీక్షలు, చేయించే రోజు

అడగాల్సినవి: టోటల్ టెస్టోస్టెరోన్, ఎస్‌హెచ్‌బీజీ, డీహెచ్‌ఈఏ-ఎస్ (అడ్రినల్ నుంచి వచ్చే ఆండ్రోజెన్), 17-ఓహెచ్ ప్రొజెస్టెరోన్ (అడ్రినల్ జబ్బు పట్టుకోవడానికి), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), హిమోగ్లోబిన్, ఫెరిటిన్. వీటితోపాటు షుగర్: వీలైతే 75 గ్రాముల గ్లూకోజు తాగి రెండు గంటలకు చూసే పరీక్ష. పీసీఓఎస్‌లో పరగడుపు షుగర్ బాగానే ఉండి, ఈ రెండు గంటల లెక్కే ముందు పెరుగుతుంది.

ఎస్‌హెచ్‌బీజీ ఎందుకంటే, టెస్టోస్టెరోన్‌లో ఎక్కువ భాగాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ అది. ఇన్సులిన్ ఎక్కువున్నవాళ్లలో అది తగ్గిపోతుంది. అప్పుడు టోటల్ మామూలుగానే ఉన్నా, విడిగా తిరిగే టెస్టోస్టెరోన్ ఎక్కువవుతుంది. టోటల్ ఒక్కటే చేయించి "హార్మోన్ బాగుంది" అనుకుంటే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఆ టోటల్ డెసిలీటరుకు 150, 200 నానోగ్రాములు దాటినా, డీహెచ్‌ఈఏ-ఎస్ 700 మైక్రోగ్రాములు దాటినా స్కానింగ్ ఆలస్యం చేయొద్దు.

17-ఓహెచ్‌ను పొద్దున 8 గంటల ప్రాంతంలో, డేట్ వచ్చిన 2 నుంచి 5వ రోజు లోపు ఇవ్వాలి. నెలలో రెండో సగంలో, వచ్చే డేట్‌కు ముందు ఇస్తే అది ఎవరికైనా పెరిగే ఉంటుంది, లేని అడ్రినల్ జబ్బు అంటగడతారు. గర్భనిరోధక గోలీలు వాడుతుంటే అవి ఆపి మూడు నెలలు గడిస్తేనే టెస్టోస్టెరోన్ లెక్క నమ్మదగింది.

బయోటిన్ అనే విటమిన్ సంగతి చాలా ల్యాబుల్లో అడగరు. చాలా జుట్టు గోలీల్లో ఇదే ఉంటుంది, 5 నుంచి 10 మిల్లీగ్రాముల దాకా. రక్తంలో ఇది ఉంటే కొన్ని మెషీన్లు టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టెస్టోస్టెరోన్‌ను ఎక్కువగా చూపిస్తాయి. రక్తం ఇచ్చే మూడు రోజుల ముందు నుంచి బయోటిన్ ఆపేయండి. అసలు ఒంట్లో బయోటిన్ లోపం చాలా అరుదు, హార్మోన్ వల్ల పలచబడిన నెత్తికి దాంతో ఒరిగేది పెద్దగా లేదు.

ఫెరిటిన్ 30 కంటే తక్కువుంటే ఐరన్ నిల్వలు అడుగంటినట్టే. మిగతా మందులతోపాటే ఐరన్ మొదలుపెట్టాలి. చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టదు, గంట అటో ఇటో జరపండి.

హిమోగ్లోబిన్, థైరాయిడ్ లాంటివి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చీటీ రాయించుకుంటే తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా పైసా ఖర్చు లేకుండా అవుతాయి. ఎస్‌హెచ్‌బీజీ, 17-ఓహెచ్ లాంటివాటికి ప్రైవేటు ల్యాబు తప్పకపోవచ్చు. ముందే ఫోన్ చేసి, శాంపిల్ ఏ రోజు ఏ టైముకు పట్నం పంపుతారో అడిగి వెళ్తే రెండోసారి తిరగాల్సిన పని ఉండదు. మొదటి డేట్ వచ్చి ఇంకా 8 ఏళ్లు నిండని ఆడపిల్లకు అండాశయం స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదు. ఆ వయసులో చిన్న చిన్న బుడగలు మామూలే.

మందు ఏదో తేల్చే ప్రశ్న

పిల్లలు ఎప్పుడు కావాలి? ఆండ్రోజెన్‌ను అడ్డుకునే మందులన్నీ కడుపులోని మగపిల్లాడి జననాంగాల ఎదుగుదలను దెబ్బతీయగలవు. పెళ్లైన ఏడాదికే "ఏమన్న విశేషమా" అని అడిగే ఊళ్లలో ఉన్నాం కాబట్టి, ఈ మాట అత్తగారి ముందు కాకుండా, డాక్టరు దగ్గర ఒంటరిగా తేల్చుకోవాలి. ఈ ఏడాదిలోనే పిల్లలు కావాలంటే గోలీల జోలికి పోకుండా మొహానికి లేజరు, థ్రెడింగ్, బరువు, షుగర్ మీద పని చేయడమే దారి. కనీసం ఏడాది టైముంటేనే కింద చెప్పినవి.

మొదటి మెట్టు: కలిపి ఇచ్చే గర్భనిరోధక గోలీ

పెళ్లి కాని పిల్లకు ఈ గోలీ రాస్తే ఇంట్లో గొడవవుతుంది. ఇక్కడ ఇది గర్భం ఆపడానికి కాదు, హార్మోన్ సర్దడానికి. ఇందులోని ఈస్ట్రోజెన్ లివర్‌లో ఎస్‌హెచ్‌బీజీని పెంచి విడి టెస్టోస్టెరోన్‌ను కట్టేస్తుంది. అండాశయాన్ని ప్రేరేపించే ఎల్‌హెచ్ తగ్గి కొత్త ఆండ్రోజెన్ తయారీ పడిపోతుంది. నెలనెలా డేట్ వచ్చి గర్భసంచి పొర మందం కాకుండా ఉంటుంది. పీసీఓఎస్‌లో మూడు నెలలకు పైగా డేట్ రాకుండా వదిలేయడం అసలు ప్రమాదం, ఆ పొర కాలక్రమంలో చెడ్డ మలుపు తిరగొచ్చు.

గోలీలో ఇథినైల్ ఈస్ట్రాడయోల్ అనే ఈస్ట్రోజెన్ 20 నుంచి 35 మైక్రోగ్రాములు, దానికి జతగా డ్రాస్పిరెనోన్ 3 మిల్లీగ్రాములో, డెసోజెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములో, సైప్రోటెరోన్ 2 మిల్లీగ్రాములో ఉంటాయి. ఖరీదైన గోలీకే పని ఎక్కువ అనుకోనక్కర్లేదు. ఒకే రకం గోలీ మిగతావాటికంటే మొహం వెంట్రుకలను బాగా తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఏఎన్ఎం దగ్గర ఉచితంగా దొరికే మాలా-ఎన్‌లో 0.03 మిల్లీగ్రాముల ఈస్ట్రోజెన్, 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటాయి. లెవోనార్జెస్ట్రెల్‌కు కాస్త మగ హార్మోన్ స్వభావం ఉన్నా, మొత్తం మీద గోలీ ఎస్‌హెచ్‌బీజీని పెంచే వైపే మొగ్గుతుంది. చేతిలో డబ్బు లేనప్పుడు ఇదీ ఒక మార్గమే, డాక్టరు ఒప్పుకుంటే. గర్భం రాకుండా సర్కారు దవాఖానల్లో ఇచ్చే ఛాయ గోలీలు, అంతర సూది మాత్రం ఈ పనికి కావు. పెళ్లిళ్లకు, వ్రతాలకు డేట్ వాయిదా వేసుకునే నోరెథిస్టెరోన్ గోలీ కూడా దీనికి పనికిరాదు.

డేట్ వచ్చిన మొదటి రోజు మొదలుపెట్టి, రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒకే టైముకు వేసుకోండి. 21 గోలీల అట్ట అయితే 7 రోజుల విరామం ఇచ్చి ఎనిమిదో రోజు కొత్తది మొదలుపెట్టాలి. 28 గోలీలవైతే మధ్యలో ఆపే పని లేదు. ఒక్క గోలీ మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని మామూలుగా సాగించండి. వరసగా రెండు లేదా ఎక్కువ మరిచిపోతే చివరగా తప్పిన గోలీ ఒక్కటి వేసుకుని, తప్పిన మిగతావి వదిలేసి, 7 రోజులు కండోమ్ వాడాలి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటాయిన్ లేదా కార్బమాజెపైన్ వాడుతుంటే గోలీ బలం తగ్గిపోతుంది.

వాడకూడనివాళ్లు: కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్లు, కళ్ల ముందు మెరుపులు కనిపించి వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, 35 దాటి సిగరెట్, బీడీ తాగేవాళ్లు, కాన్పై ఆరు వారాలు కాని బాలింతలు. ప్రమాదం ఎంతంటే, ఏ గోలీ వాడని 10,000 మంది ఆడవాళ్లలో ఏడాదికి సుమారు ఇద్దరికి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. లెవోనార్జెస్ట్రెల్ ఉన్న గోలీతో అది 5 నుంచి 7 మందికి, డ్రాస్పిరెనోన్, డెసోజెస్ట్రెల్ ఉన్నవాటితో 9 నుంచి 12 మందికి. తక్కువే, కానీ సున్నా కాదు. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టున్నా గోలీ ఆపి అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. బీపీ చూడకుండా ఈ గోలీ రాసే చోట మందు తీసుకోవద్దు. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి చూపించుకుంటే చాలు, సబ్ సెంటర్‌లో అయినా పర్లేదు.

రెండో మెట్టు: స్పైరోనోలాక్టోన్

గర్భనిరోధక గోలీ ఆరు నెలలు వాడినా మొహం మీద చాలినంత తేడా లేకపోతే దీన్ని జత చేస్తారు. గర్భనిరోధక గోలీ పడనివాళ్లకు, కాపర్-టీ లాంటి గట్టి ఏర్పాటుంటే, ఇదొక్కటే కూడా ఇస్తారు. నిజానికిది బీపీకి, ఒంటి నీరుకు వచ్చిన పాత మందు. కుదురు దగ్గర ఆండ్రోజెన్ కూర్చునే చోటును ఆక్రమిస్తుందని తర్వాత తేలింది. చౌకైనది, జనరిక్ షాపుల్లోనూ దొరుకుతుంది.

రోజుకు 25 లేదా 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెలకోసారి పెంచుతూ 100 దాకా తీసుకెళ్తారు. కొందరికి 200 దాకా అవసరమవుతుంది. పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోండి. రాత్రి వేసుకుంటే మూత్రానికి లేవాల్సి వస్తుంది. మొదటి వారాల్లో కళ్లు తిరగడం, రొమ్ములు సలపడం, రెండు డేట్ల మధ్యలో మరకలు కనిపించడం మామూలే. మరకలు ఆగకపోతే మందు మానేయనక్కర్లేదు, గర్భనిరోధక గోలీ జత కలిస్తే సర్దుకుంటుంది.

ఇది పొటాషియాన్ని ఒంట్లో నిలిపేస్తుంది. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), పొటాషియం చూసి, నాలుగు వారాలకు మళ్లీ చూడాలి. కిడ్నీలు బాగున్న వయసు ఆడపిల్లలకు ఇబ్బంది చాలా అరుదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ గోలీలు వాడేవాళ్లకు, షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు నిజంగా ప్రమాదం. మూత్రంలో మంటకు ఆర్‌ఎంపీ ఇచ్చే కోట్రైమాక్సజోల్ గోలీ కూడా పొటాషియాన్ని పెంచేదే, స్పైరోనోలాక్టోన్ వాడుతున్నానని చెప్పి వేరేది అడగండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అది వద్దు. డ్రాస్పిరెనోన్ గోలీ కూడా కొంచెం అదే గుణమున్నది కాబట్టి, రెండూ కలిపితే నెలకు పొటాషియం పరీక్ష మరిచిపోకూడదు.

ఎండాకాలం ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 44, 45 డిగ్రీలు తాకే మన దగ్గర, పొలం పనికో ఉపాధి పనికో పోయి చెమటోడ్చే ఆడవాళ్లకు ఈ గోలీతో బీపీ పడిపోయి కళ్లు బైర్లు కమ్మొచ్చు. నీళ్లు ఎక్కువ తాగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో గోలీ ఆపేసి, కడుపు కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టాలి. ఆ రెండు మూడు రోజులు ఆపితే జుట్టుకు వచ్చే నష్టమేమీ లేదు.

ఇతర గోలీలు

ఫినాస్టెరైడ్ డీహెచ్‌టీ తయారీని తగ్గిస్తుంది. ఆడవాళ్లకు 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు ఇస్తారు. మగవాళ్ల బట్టతలకు వాడే 1 మిల్లీగ్రాము డేట్ ఆగిన ఆడవాళ్లలో పనిచేయలేదు. భర్తకు రాసిన గోలీ భార్య వేసుకోవడం అందుకే పనికిరాదు. గర్భిణి పగిలిన, పొడైన గోలీని చేత్తో కూడా ముట్టుకోకూడదు. డ్యూటాస్టెరైడ్ దీనికంటే బలమైనదే కానీ ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది. పిల్లలు కనే వయసులో దాన్ని ఎంచుకోవడం మా దృష్టిలో తెలివైన పని కాదు. ఫ్లూటమైడ్ లివర్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి వెంట్రుకల కోసం దాన్ని వాడకపోవడమే మంచిది.

మెట్‌ఫార్మిన్‌ను పీసీఓఎస్ ఉన్న ప్రతివాళ్లకూ రాస్తుంటారు. నెలసరికి, షుగర్‌కు మేలు చేస్తుంది, మొహం వెంట్రుకలకు మాత్రం దాదాపు ఏమీ చేయదు. వెంట్రుకలు తగ్గుతాయన్న ఆశతో అది మింగుతుంటే ఆ ఆశ వదులుకోండి. షుగర్ కోసమైతే రాత్రి భోజనం మధ్యలో 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం రెండు వారాలకోసారి పెంచితే విరేచనాలు ఇబ్బంది పెట్టవు. ఏళ్ల తరబడి వాడితే బీ12 చూసుకోవాలి. బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా డేట్ గాడిలో పడుతుంది. జొన్నరొట్టె మంచిదే, అయితే అన్నం తిన్నాక దాని మీద రొట్టె తింటే బరువు తగ్గదు.

నెత్తికి మినాక్సిడిల్: రాసే తీరులోనే ఉంది

ఇది హార్మోన్‌ను ముట్టుకోదు. కుదురును పెరిగే దశలో ఎక్కువకాలం నిలుపుతుంది. హార్మోన్ రిపోర్టు ఎలా ఉన్నా పనిచేస్తుంది కాబట్టి, గర్భం, పాలిచ్చే దశ కానివాళ్లు మిగతావాటి కోసం ఎదురుచూడకుండా దీన్ని మొదలుపెట్టొచ్చు. 2 శాతం ద్రావణమైతే 1 మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండుసార్లు, 5 శాతమైతే రోజుకు ఒక్కసారి.

ఎక్కువమంది చేసే తప్పు నూనె పెట్టిన నెత్తి మీద మందు రాయడం. ఆముదమో కొబ్బరినూనో పెట్టి దాని మీద ఈ మందు వేస్తే చర్మానికి చేరదు. నెత్తి పొడిగా, నూనె లేకుండా ఉండాలి. నూనె అలవాటు మానలేకపోతే మందు రాసిన నాలుగు గంటల తర్వాత పెట్టుకోండి, లేదా వారంలో తలస్నానానికి ముందు రాత్రి మాత్రమే.

డ్రాపర్‌లో 1 మిల్లీలీటరు గీత దాకా తీసుకోండి. దువ్వెన కొసతో నడిపాపిట తీసి, ముందు నుంచి వెనక్కి నాలుగైదు చుక్కలు నేరుగా చర్మం మీద వదలండి. దానికి వేలెడు దూరంలో కుడివైపు ఒక పాపిట, ఎడమవైపు ఒకటి, మళ్లీ ఒక్కోటి: ఐదు పాపిటల్లో డ్రాపర్ ఖాళీ కావాలి. వెంట్రుకలు తడిసి చర్మం పొడిగా ఉంటే మందు వృథా అయినట్టే. వేలి కొసతో అద్ది, చేతులు సబ్బుతో కడుక్కోండి. అందులో ఆల్కహాలు ఉంటుంది కాబట్టి ఆరేదాకా గ్యాస్ పొయ్యి దగ్గరికీ, దీపం దగ్గరికీ వెళ్లొద్దు.

పడుకోవడానికి రెండు గంటల ముందే రాయాలి. తడి నెత్తితో పడుకుంటే మందు దిండుకు, దిండు నుంచి బుగ్గలకు అంటుకుని, వద్దనుకున్న చోటే నూగు మొలుస్తుంది. నుదుటి మీదికి కారితే వెంటనే తుడవండి. ఇంట్లో పిల్లి ఉంటే సీసా దూరంగా పెట్టండి, కొంచెం నాకినా దాని ప్రాణానికి ముప్పు.

మొదటి రెండు నెలల్లో జుట్టు ఎక్కువ రాలుతుంది. పాత వెంట్రుకలను తోసుకుని కొత్తవి బయల్దేరడం వల్ల అది. ఇక్కడే సగం మంది సీసా పారేస్తారు. దురద, పొట్టు వస్తే చుండ్రు అనుకోకుండా, ద్రావణంలోని ప్రొపిలిన్ గ్లైకాల్ పడలేదేమో చూడండి. నురగ రూపంలో దొరికేదానిలో అది ఉండదు. 60 మిల్లీలీటర్ల సీసా 5 శాతంది రోజుకు ఒకసారి రాస్తే రెండు నెలలు వస్తుంది. నెలకో సీసా అయిపోతోందంటే ఎక్కువ పోస్తున్నారు, ఎక్కువ పోస్తే ఎక్కువ మొలవదు. ఆపితే నాలుగైదు నెలల్లో వచ్చిన లాభం పోతుంది.

మినాక్సిడిల్ గోలీ ఈ మధ్య తక్కువ మోతాదులో, 0.25 నుంచి 1.25 మిల్లీగ్రాములు, రాస్తున్నారు. మొహం మీద ఇప్పటికే వెంట్రుకలున్న మనిషికి మేము దీన్ని ముందు వరసలో పెట్టం. ఒంటి మీదా మొహం మీదా వెంట్రుకలు పెంచడమే దాని పెద్ద దుష్ఫలితం. కాళ్ల వాపు, గుండె దడ కూడా రావచ్చు.

నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే టైములో, పొడి నెత్తికి నడిపాపిట తీసి పైనుంచి ఫోన్‌తో ఫొటో తీయించుకోండి. అద్దంలో రోజూ చూసుకునే కంటికి మార్పు తెలియదు, ఆరో నెల ఫొటోను మొదటి దాని పక్కన పెడితే తెలుస్తుంది.

మొహం మీద ఉన్నవి తీసేయడం

గీసుకుంటే ఎక్కువ, మందంగా వస్తాయన్నది అపోహ. కొస మొద్దుగా తెగడంతో చేతికి అలా తగులుతుంది, అంతే. పసుపు, సున్నిపిండి నలుగు పెట్టి రుద్దితే హార్మోన్ వెంట్రుక పోదు, చర్మం నల్లబడటమే మిగులుతుంది. 13.9 శాతం ఎఫ్లోర్నితిన్ క్రీము రోజుకు రెండుసార్లు రాస్తే పెరుగుదల మెల్లబడుతుంది. తేడా 8 వారాలకు తెలుస్తుంది, ఆపిన 8 వారాలకు మళ్లీ మొదటికొస్తుంది. రాశాక నాలుగు గంటలు మొహం కడగకూడదు.

లేజరు కావాలంటే మన రంగు చర్మానికి ఎన్‌డీ యాగ్ 1064 లేదా డయోడ్ మెషీన్ ఉందా అని అడగండి. మొహానికి 4 నుంచి 6 వారాల ఎడంతో ఆరు విడతలకు పైనే పడుతుంది. మొదటి విడతకు నెల ముందు నుంచి థ్రెడింగ్, వాక్సింగ్ ఆపాలి. కుదురుతో సహా పీకేస్తే లేజరు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. గీసుకోవడం పర్లేదు. లోపలి హార్మోన్‌కు మందు లేకుండా లేజరు ఒక్కటే చేయిస్తే, నూగు మళ్లీ మొరటుగా మారుతూ ప్యాకేజీ మీద ప్యాకేజీ కొనాల్సి వస్తుంది. ముందు మూడు నెలలు గోలీ వాడి తర్వాత లేజరుకు వెళ్లడం లాభం. తక్కువ శక్తితో చేస్తే దవడ కింద, మెడ మీద ఉన్నదానికంటే ఎక్కువ మొలిచే అవకాశం కూడా ఉంది. అలా కనిపిస్తే ఆ విడతతోనే ఆపి చర్మ డాక్టరును కలవండి. నెరిసిన వెంట్రుకకు లేజరు పనిచేయదు, దానికి సన్నని సూదితో కుదురుకు కరెంటు పెట్టే ఎలక్ట్రాలిసిస్ ఒక్కటే.

గర్భం కోసం ఆపేటప్పుడు

స్పైరోనోలాక్టోన్, ఫినాస్టెరైడ్, మినాక్సిడిల్ కనీసం ఒక నెల ముందు ఆపాలి. డ్యూటాస్టెరైడ్‌కు ఆరు నెలలు. గర్భనిరోధక గోలీని మాత్రం ఇవన్నీ ఒంట్లోంచి పోయాకే, ఆఖరున ఆపాలి. చాలామంది దీన్ని తిప్పి చేస్తారు: పిల్లలు కావాలని ముందు అదే ఆపి, స్పైరోనోలాక్టోన్ అట్ట మిగిలింది కదా అని వాడేస్తుంటారు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఆ నెలలోనే మొదలుపెట్టండి.

మందులు నడుస్తుండగానే గర్భం నిలిచిందని తెలిస్తే ఆ రోజే అన్నీ ఆపేయండి. భయపడి షాపులో కిట్ కొని కడుపు తీయించుకోవడానికి పూనుకోవద్దు. మగపిల్లాడి బయటి జననాంగాలు రూపుదిద్దుకోవడం ఎనిమిదో వారం తర్వాత మొదలవుతుంది కాబట్టి, డేట్ తప్పిన వారం పది రోజుల్లో తెలుసుకుని ఆపితే ముప్పు చాలావరకు తప్పుతుంది. వాడిన గోలీల అట్టలు, చివరి డేట్ తారీఖు పట్టుకుని ఆ వారంలోనే స్త్రీల డాక్టరును కలవండి.